వాడుతూ ఉంటే ఒప్పుకున్నట్టే

అక్‌మరాల్ టీ పోస్తోంది. నారిన్ కొండల్లో కోడలు టీ పోయడమంటే ఏరు పారడం లాంటిది. ఎవరూ ఆపరు, ఎవరూ మెచ్చుకోరు. మామ ఒక్క పూట తాగే టీతో లోయలో ఇంకో సరస్సు పుడుతుందని ఆమె లోలోపల నవ్వుకునేది.

ఆ మామ పేరు కోడలి నాలుక మీదికి రాకూడదు. అత్తింటి పెద్దల పేర్లు పలకకపోవడం అక్కడి ఆచారం. తన మామ పేరులో 'ఉప్పు' అనే మాట ఉందని, పక్క లోయలో ఒకామె కొట్లో ఉప్పు అడగలేక పాతికేళ్ళు చప్పిడి కూడు తిన్నదట. అందుకే కోడళ్ళు తామే మర్యాదగల మారుపేర్లు పెట్టుకుంటారు. అక్‌మరాల్ ఫోనులో రాసుకున్నవి మాత్రం అంత మర్యాదైనవి కావు. మామ 'ఉరుముల కొండ'. మొగుడు తిలేక్ 'రేపు చూద్దాం'. పెళ్ళప్పుడు, ఆమె బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానక్కర్లేదన్నారు. తర్వాత, బిడ్డ పుట్టాక వెళ్దువులే అన్నారు. ఆ తర్వాత, రెండో బిడ్డ నడిచాక అన్నారు. మాట మారినప్పుడల్లా ఆమెనెవరూ అడగలేదు. ఈ సోమవారం బడి తెరుస్తున్నారు, రమ్మని పెద్ద టీచరమ్మ మళ్ళీ కబురంపింది. దానికి తిలేక్ ఏమన్నాడో వేరే చెప్పాలా?

దానికి ముందు శుక్రవారమే, ఫోన్‌లో పేర్లూ నంబర్లూ రాసిపెట్టుకునే యాప్ వాళ్ళు తమ గోప్యతా నిబంధనలు మార్చారు. ఎవరి నంబరును ఎవరు ఏ పేరుతో రాసుకున్నారో ఇక ఆ నంబరుగలవాళ్ళకు కనిపిస్తుంది. ఆ పొద్దున లోయలో ఒక్క ఆడగుర్రమూ, ఒక్క ఆవూ పాలు పితికించుకోలేదట. కోడళ్ళంతా సిగ్నలు బాగా అందే గుట్టకు పరుగెత్తితే, ఆ బరువుకు గుట్ట జానెడు కుంగిందట. అక్‌మరాల్‌కు మాత్రం కబురు టీ దగ్గరే అందింది.

"ఒరే తిలేక్, ఈ ఫోను నన్ను ఉరుముల కొండ అంటోందేంట్రా? నేనెప్పుడు అరిచాను?" అని మామ అరిచాడు.

"నన్ను 'రేపు చూద్దాం' అంటోంది నాన్నా." తిలేక్ పెళ్ళాం వైపు తిరిగాడు. "నీ పనేనా?"

"అవి నాకోసం రాసుకున్నవి. మీకు చూపించమని వాళ్ళకెవరు చెప్పారు?"

"నువ్వే ఒప్పుకున్నావు. ఇదుగో, చదువు. నిబంధనలు మారాక కూడా వాడుతూ ఉంటే ఒప్పుకున్నట్టే."

"నన్నెప్పుడడిగారు?"

"అడిగేదేముందే? మానెయ్యలేదుగా!"

టీ కెటిల్ ఆమె చేతిలోనే ఆగిపోయింది. కోపం రావాల్సిన చోట ఆశ్చర్యం వచ్చింది. తన పెళ్ళి మొత్తాన్ని ఇంత చిన్న వాక్యంలో ఎవరు పట్టారు? తన మొహమైనా చూడనివాళ్ళు, ఈ కొండల పేరైనా విననివాళ్ళు, ఎక్కడో కూర్చుని ఈ ఇంటి చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా రాశారే! ఉంటున్నావుగా, ఒప్పుకున్నట్టే. వండుతున్నావుగా, ఒప్పుకున్నట్టే. తను నోరు తెరిచి అనని మాటను సైతం మూట గట్టి, ఆకాశం మీదుగా ఈ గదిలోకే దించారు. ఇంత పెద్ద ఆకాశంలో తన మనసొక్కటే దొరికిందా వాళ్ళకి! ఆ దొంగతనానికి దణ్ణం పెట్టాలో దుమ్మెత్తిపోయాలో తెలియలేదు. తన నంబరు చూసుకుంది. తిలేక్ ఫోనులో ఆమె పేరు 'ఇంట్లో'.

మూల కూర్చున్న అత్త తన ఫోను చాచింది. "కోడలు నాకేం పేరు పెట్టిందో చదవరా."

"అందరికంటే ముందు లేచేది," అని చదివాడు తిలేక్.

అత్త ఫోను వెనక్కి తీసుకోలేదు. "ఇంకోసారి చదువు," అంది.

"ఆ పేర్లన్నీ తుడిచెయ్, టీ పొయ్," అన్నాడు మామ.

"పేర్లే కాదు మామయ్యా, మీరు చదువుకుంటుండగానే ఆ యాప్‌నే తీసేశాను. నా సంగతులేవీ ఉంచుకోవద్దని వాళ్ళకు రాశాను. పోయినవి ఎలాగూ వెనక్కి రావు."

అని, పొయ్యి దగ్గర్నుంచి వేడి రొట్టె తెచ్చి మధ్యలో పెట్టింది. ముందుకొచ్చిన రొట్టెను ముట్టకుండా లేచినవాడు ఆ నేలమీద ఇంతవరకూ పుట్టలేదు. యుద్ధానికి పోయేవాడైనా ఓ ముక్క కొరికే గుర్రమెక్కాలి.

"నా నిబంధనలూ మారాయి," అంది అక్‌మరాల్. "సోమవారం నుంచి నేను బడికెళ్తాను. పగలు ఎవరి టీ వాళ్ళే పోసుకోవాలి. ఈ రొట్టె తిన్నవాళ్ళు ఒప్పుకున్నట్టే."

తిలేక్ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. మామ రొట్టె వంకా, కొడుకు వంకా చూశాడు.

అత్త ముందుకు జరిగి, అందరికన్నా పెద్ద ముక్క తుంచుకుంది. మీగడ అద్దుకుని, తీరిగ్గా నమిలి మింగింది.

"తినండి," అంది మొగుడితో. "చల్లారిపోతుంది."