నీడ ఇంకా రాలేదు

చలికాలంలో ఆ ఇంట్లో రెండుసార్లు తెల్లారుతుంది. మొదట కిటికీలోంచి, కడిగిన గిన్నెల నీళ్ళలాంటి వెలుతురు వస్తుంది. ఒఫెలియా స్టవ్ మీద కాఫీ పెట్టి, మొగుడు లైల్ కాళ్ళకి సాక్సులు తొడిగి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టేసరికి రెండో తెల్లవారడం ఆమె పాదాల దగ్గర మొదలవుతుంది. అక్కడెక్కడో న్యూమెక్సికోలో, సొకోరో ఊళ్ళో పొద్దు పొడుస్తుంది. ఇక్కడ మినెసోటా వంటగదిలో ఆమె నీడ పుట్టి, దీపం ఎటుందో పట్టించుకోకుండా, గోడ దాకా పొడుగ్గా సాగుతుంది.

"వచ్చింది మీ ఊరి ఎండ," అన్నాడు లైల్ కప్పు అందుకుంటూ.

"ఇవాళ్టితో సరి."

ఇందులో వింతేమీ లేదు. టీచర్లూ నర్సులూ రాష్ట్రం మారితే సామానుతో పాటు నీడ కూడా వచ్చేస్తుంది. ఒఫెలియాలాంటి పోలీసులకి అలా కాదు. కొత్త రాష్ట్రంలో లైసెన్సు వచ్చేదాకా వాళ్ళ నీడ పాత రాష్ట్రపు ఎండకే పడుతుంది. అక్కడ మబ్బు పడితే ఉండదు, అక్కడ పొద్దుగూకితే పోతుంది. కిరాణా కొట్లో ఎదురైన వాళ్ళు, "పెట్టెలన్నీ దిగాయా?" అన్నట్టే, "నీడ వచ్చిందా?" అని అడిగేవారు. "ఇంకా రాలేదండీ," అనేది ఒఫెలియా.

అది రావడానికి ఆమె చెయ్యని పని లేదు. పరీక్ష రాసి పాసైంది. వేలిముద్రలిచ్చింది. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో గురిచూసి కాల్చి చూపించింది. పాత ఊరి నుంచి రావలసిన ఒక్క ఉత్తరమే నత్తనడక నడిచి, చివరి వారంలో చేరింది. పాత లైసెన్సు పనికొచ్చేది ఈ సాయంత్రం ఐదు దాకానే. ఆ లోపల ప్రమాణం చేసిందా, స్టేషన్‌లో ఉద్యోగం ఆమెది. చెయ్యలేదా, నలభై నాలుగేళ్ళ వయసులో మళ్ళీ మొదటి నుంచీ, నూనూగు మీసాల వాళ్ళతో కలిసి నెలల తరబడి నగరంలో శిక్షణ. గనిలో నడుం విరిగి, సాక్సులు కూడా తొడుక్కోలేని మొగుణ్ణి ఇక్కడ ఎవరి మీద వదిలి వెళ్తుంది? ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పొద్దున్న కాఫీ దగ్గర ఇద్దరూ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి రాజధాని నుంచి లైసెన్సు బోర్డు తరఫున లొరేన్ స్టేషన్‌కి వచ్చింది. బూట్లకి అంటిన మంచు గుమ్మం దగ్గరే దులుపుకుని, కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషి. స్టేషన్ చీఫ్ నైగార్డ్ భార్య బంగాళాదుంపలూ మాంసమూ కలిపి బేక్ చేసి ఒక పెద్ద గిన్నె పంపించింది. తిన్నాక ప్రమాణం అనుకున్నారు. తింటుండగానే కిటికీ అవతల సరస్సు మాయమైంది.

ఆ ఊళ్ళో దాన్ని తెల్లచీకటి అంటారు. గాలి మంచుని లేపి కొడుతుంటే నేలా ఆకాశమూ ఒకటైపోతాయి. చాచిన చెయ్యి కూడా సరిగా కనబడదు. మామూలుగా అయితే తలుపులేసుకుని కూర్చుంటారు. కానీ రేడియో గరగరలాడింది.

"నైగార్డ్, నేను టోయివోని. జారిపడ్డాను. కాలు ఇరిగింది, చప్పుడు కూడా వినబడింది. పాక్కుంటూ గుడిసెలోకి వచ్చా. హీటర్‌లో గ్యాసు అయిపోయింది."

టోయివో అంటే ఆ స్టేషన్‌లోనే రిటైరైన పోలీసు. ఒఫెలియా కూర్చోబోయేది అతని కుర్చీలోనే. గడ్డకట్టిన సరస్సు మీద చిన్న చెక్క గుడిసె పెట్టుకుని, మంచుకి కన్నం చేసి, రోజంతా చేపలు పడుతూ ఉంటాడు. కాఫీ హోటల్లో కూర్చుంటే మాత్రం ఒకటే పాట: "ఎడారిలో బల్లులని తరుముకునే ఆవిడకి మన సరస్సేం తెలుస్తుందయ్యా? మొదటి అడుగుకే మునుగుతుంది, మనమే లాగాలి." ఒఫెలియా చెవిన ఆ మాటలు పడకపోలేదు. పడినప్పుడల్లా ఒళ్ళు మండేది.

"చెట్ల వెంట పోతాను," అని నైగార్డ్ కోటు అందుకున్నాడు. క్రిస్మస్ అయ్యాక ఊరివాళ్ళు ఇళ్ళలోని చెట్లు తెచ్చి, మంచు మీద బండ్ల దారికి రెండు పక్కలా గుచ్చుతారు. తెల్లచీకట్లో ఒక చెట్టు దగ్గర్నుంచి ఇంకో చెట్టుకి తడుముకుంటూ పోవచ్చు. అతను కోటు చెయ్యి సగం తొడిగి ఆగిపోయాడు.

"పోయిన వారం మంచు పగిలినప్పుడు దారి మార్చాం," అన్నాడు. "కొత్త దారికి కొత్త చెట్లు గుచ్చాం. పాతవి పీకే పని నాది."

"పీకలేదా?" అంది ఒఫెలియా.

"రేపు పీకుదాంలే అనుకున్నా."

అంటే ఇప్పుడు సరస్సు మీద రెండు వరసలున్నాయి. ఒకటి టోయివో గుడిసెకి పోతుంది. రెండోది తిన్నగా నీళ్ళలోకి. దిక్సూచి చూసుకుందామా అంటే, సరస్సు అడుగంతా ఇనుపరాయి. ఆ ముల్లు తాగినవాడిలా తిరుగుతుంది. గుడిసె రేవుకి సూటిగా ఉత్తరాన ఉందని అందరికీ తెలుసు. ఉత్తరం ఎటో తెలిసినవాళ్ళే లేరు.

అందరూ నేల వైపు చూశారు. ఒఫెలియా నీడ బల్ల కింది నుంచి బీరువా వైపు, గీత గీసినట్టు పడి ఉంది. మధ్యాహ్నం సొకోరోలో నీడ పడేది ఉత్తరానికే.

లొరేన్ కాగితం తీసింది. "ముందు కుడి చెయ్యి ఎత్తి ప్రమాణం చెయ్యండి. రెండు నిమిషాల పని. లైసెన్సు చేతికి వస్తుంది, తర్వాత వెళ్ళండి."

"చెయ్యి ఎత్తితే నీడ ఇక్కడికి వచ్చేస్తుంది మేడమ్. ఇక్కడ ఎండేదీ?"

లొరేన్ కిటికీ వైపు చూసింది, గడియారం వైపు చూసింది. "ఐదు దాకా ఇక్కడే కూర్చుంటాను. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు. ఈ మాట చెప్పడం నాకూ బాగోలేదు."

ఒఫెలియా ఫోను తీసి సొకోరోకి కలిపింది. అవతల చెల్లెలు ఎత్తింది.

"లూపే, అక్కడ ఎండ ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందక్కా, దుప్పట్లు ఆరేస్తున్నా. ప్రమాణం అయిందా?"

"మబ్బులేమైనా ఉన్నాయా?"

"కొండ మీద నాలుగు పింజలున్నాయి. ఏం?"

"ఏం లేదు. తర్వాత చేస్తా." ఫోను పెట్టేసి, రెండు కంబళ్ళూ, తాడూ, చేపలవాళ్ళు మంచు మీద లాగే చెక్కబండీ తీసుకుంది. "చీఫ్, మీరు రావద్దు. మీ బరువుకి ఆ పగులు దగ్గర మంచు ఆగదు. జీపు రేవులో పెట్టి లైట్లు సరస్సు వైపు వెయ్యండి." నైగార్డ్ జీపు తాళాలు అందుకున్నాడు.

సరస్సు మీద కాలు పెట్టాక ఆమెకి కనిపించింది ఒక్కటే, తన నీడ. లోకమంతా తెలుపు, అందులో ముందుకి పరుచుకున్న ఒక నల్లటి గుర్తు. దాని తల వైపే నడిచింది. గాలి మొహం మీద కొడుతోంది, కనురెప్పలు అతుక్కుపోతున్నాయి. కొంత దూరం పోయాక కుడి చేతికి ఒక చెట్టు తగిలింది. దానికింకా ఎవరింటిదో వెండి జలతారు వేలాడుతోంది. దాని తర్వాత ఇంకోటి. మనసు ఎంత నిమ్మళించిందని! అలా పట్టుకుంటూ పోవడం ఎంత సుఖం! నాలుగో చెట్టు దగ్గర చూస్తే వరస ఎడమకి వంగుతోంది, నీడ మాత్రం తిన్నగా ఉంది.

చేతికి తగిలేది చెట్టు. నీడ చూస్తే పన్నెండు వందల మైళ్ళ అవతలి ఎండది. ఆమెకి చెట్టు వదలబుద్ధి కాలేదు. వదిలింది. పది అడుగులు వేసిందో లేదో, ఎడమ వైపు నుంచి నీళ్ళు మంచు అంచుని నాకుతున్న చప్పుడు వినిపించింది. ఆ చెట్లు వెళ్ళేది అక్కడికే.

అప్పుడే నీడ పోయింది.

కొండ మీది పింజల్లో ఒకటి సూర్యుడి మీదికి వచ్చి ఉంటుంది. లూపే దుప్పట్ల దగ్గర నిలబడి చల్లబడిందే అనుకుని ఉంటుంది, అంతే. ఇక్కడ ఒఫెలియా కదలకుండా నిలబడిపోయింది. ఒక్క అడుగు పక్కకి తిరిగితే ముఖం ఎటుందో మళ్ళీ తెలీదు. చెమట చల్లబడుతోంది, వేళ్ళు తన వేళ్ళలా లేవు. ఐదు గుర్తొచ్చింది, లైల్ సాక్సులు గుర్తొచ్చాయి. ఒక ముసలాయన నోటి దురుసుకి నా బతుకెందుకు పోగొట్టుకోవాలి అని కూడా అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడలేదు, భయంగా ఉంది మరి. బూట్ల ముందు మంచు నెమ్మదిగా నల్లబడింది. నీడ వచ్చింది. నడిచింది.

గుడిసె తలుపు తగిలేసరికి మోకాళ్ళ మీద పడింది. లోపల టోయివో పెదాలు నీలంగా ఉన్నాయి, నోరు మాత్రం బాగానే ఉంది.

"నువ్వా? బల్లులేమీ దొరకలేదా?"

"ఒకటి దొరికింది. కాలు ఇరిగింది," అంది ఒఫెలియా. కాలికి చెక్కముక్క ఆనించి కట్టి, కంబళ్ళు చుట్టి బండి మీద పడుకోబెట్టింది. అతను పళ్ళు బిగబట్టి నవ్వాడో ఏడ్చాడో తెలీలేదు.

తిరిగొచ్చేటప్పుడు నీడకి వీపు పెట్టి నడవాలి. పొద్దు వాలుతున్న కొద్దీ అది వెనక ఎడమ పక్కకి జరుగుతోంది. ఎంత జరిగితే ఎంతో ఆమె లెక్కపెట్టలేదు. ఇరవై ఏళ్ళు ఆ ఎండలో గస్తీ తిరిగిన ఒళ్ళు, దానికి తెలుసు. బండి మాత్రం ఊబిలో లాగినట్టుంది. ఆగి, మళ్ళీ లాగి, మళ్ళీ ఆగి. చుట్టూ తెలుపు పోయి అసలు చీకటి కమ్మింది. టార్చి వెలుగులో నీడని వెతుక్కుంటూ నడుస్తోంది.

"టైమెంతయింది?" అన్నాడు టోయివో.

"తెలీదు."

"ఐదయితే నీ కాగితం పోతుందటగా. నైగార్డ్ రేడియోలో చెప్పాడు." కంబళి మెడ దాకా లాక్కున్నాడు. "నన్నిక్కడ వదిలెయ్ అమ్మాయ్. తేలిగ్గా పరిగెడతావు. ప్రమాణం చేసి మళ్ళీ రా. నాకు కంబళ్ళున్నాయిగా."

ఒఫెలియా వెనక్కి వచ్చి, అతని మొహానికి గాలి తగలకుండా కుడి చెయ్యి అడ్డం ఎత్తి పట్టుకుంది. "మిమ్మల్ని ఇంటికి చేరుస్తా. లైసెన్సు ఉన్నా సరే, లేకపోయినా సరే. నోరు మూసుకుని పడుకోండి."

తాడు భుజానికేసుకుని టార్చి కిందికి తిప్పింది. ఎడమ పక్క నీడ లేదు. సొకోరోలో ఇంకా పొద్దుండాలే. మళ్ళీ మబ్బా?

"అమ్మాయ్," అన్నాడు టోయివో వెనక నుంచి. "నీ నీడ నా మీద పడుతోంది."

తిరిగి చూసింది. నిజమే. పలచగా, మసగ్గా, తన కాళ్ళ దగ్గర్నుంచి సూటిగా వెనక్కి, బండి మీదుగా, ముసలాయన గడ్డం దాకా. అలా పడాలంటే ఎదురుగా వెలుగుండాలి. ముందుకి చూస్తే ఏమీ లేదు, నల్లగా మంచు తప్ప. అయినా ఆ కనబడని వెలుగు వైపే లాగింది. ఊళ్ళో గని సైరన్ కూసింది, ఐదింటి కూత. ఆమె ఏడుస్తూనే లాగింది. ఆ తర్వాత చాలాసేపటికి జీపు లైట్లు రెండు, ముందు ఒకటిగా, తర్వాత విడివిడిగా కనిపించాయి.

రేవులో నైగార్డ్ పరిగెత్తుకొచ్చి తాడు అందుకున్నాడు. లొరేన్ కాగితాల సంచీ చంకలో పెట్టుకుని, మంచులో నిలబడే ఉంది. ఆమె ఒఫెలియా మొహం చూడలేదు. జీపు లైట్లకి వెనక్కి పడిన నీడని చూసింది.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"నేను చెప్తా," అన్నాడు టోయివో బండి మీంచి. "కూత ఇంకా కూయలేదు. నాకు అడ్డంగా చెయ్యెత్తి నిలబడింది, అప్పుడు."

"అప్పుడు ఆవిడ ఏమన్నారు?"

"నన్ను ఇంటికి చేరుస్తానంది. నోరు మూసుకోమంది కూడా."

లొరేన్ చేతిగుడ్డ తీసి ముక్కు తుడుచుకుంది. కలంలో సిరా గడ్డకట్టింది. నోటితో ఆవిరి ఊది ఊది, జీపు బానెట్ మీద కాగితం పెట్టి, టైము వేసి సంతకం చేసింది. "నీడ వచ్చాక కాగితం ఆపే అధికారం మాకు లేదు," అంది. "మొదటి మాటే ప్రమాణంగా రాశా, రెండో మాట రాయను. అది పోలీసుకీ పౌరుడికీ మధ్య విషయం."

ఒఫెలియా ఇల్లు చేరేసరికి లైల్ గోడ పట్టుకుని, గుమ్మం దాకా ఎలా వచ్చాడో వచ్చి నిలబడి ఉన్నాడు. ఆమె కాగితం అతని చేతిలో పెట్టింది. వంటగదిలోకి నడిపించి కుర్చీలో కూర్చోబెట్టి, పొద్దుటి సూప్ వెచ్చబెట్టింది. సొకోరోలో ఈపాటికి పొద్దుగూకి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఈ వేళకి దీపం కింద లైల్ నీడ ఒక్కటే గోడ మీద భోంచేసేది.

అతను చెంచా నోటి దాకా ఎత్తి ఆగాడు. గోడ వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

"సూప్ చల్లారిపోతోంది," అంది ఒఫెలియా. గోడ మీద ఒక నీడ ఇంకో నీడ భుజం మీద చెయ్యి వేసింది.