గడ్డం మీద రొట్టె పొడి

జుమ్రద్‌కి అన్యాయం జరిగింది 2014 మార్చి 14న, శుక్రవారం పొద్దున, కోకంద్ ఊరి శివార్లలో, వీధి ఆడవాళ్లంతా రొట్టెలు కాల్చుకునే తందూరు దగ్గర. చేసింది అత్త ఖోసియత్. పిండి ముద్దను అరచేతుల మధ్య తడుతూ, ఉప్పెక్కువైందనో సెగ తగ్గిందనో రోజూ అన్నంత మామూలుగా అనేసింది.

"మూడేళ్లుగా నా కొడుకు ఇంటికి రాలేదంటే ఎందుకొస్తాడు? ఈ మొహం చూడ్డానికా? మొగుణ్ణి నిలుపుకోవడం చేతగానిది!"

జుమ్రద్ సెగలో చెయ్యి పెట్టి రొట్టె అతికించింది. మిగతా ఆడవాళ్లు ఎవరి పిండి వైపు వాళ్లు చూసుకున్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు.

ఆ వైపు ఊళ్లలో పనికోసం దూరదేశం వెళ్లేవాడు గడప దాటేముందు రొట్టె ఒక్క కొరుకు కొరుకుతాడు. మిగిలింది గోడకు వేలాడదీస్తారు. వాడు తిరిగొచ్చి అది తినాలి. అక్కడే ఇంకో కాపురం పెట్టాడా, రాత్రికి రాత్రి ఆ కొరుకు పూడిపోయి రొట్టె గుండ్రంగా, నిండుగా తయారవుతుంది. పాలు తోడుకున్నట్టే, అందులో వింతేమీ లేదు. సిగ్గు మాత్రం ఉంది.

జుమ్రద్ మొగుడు షేరలీ రొట్టె పూడి ఏడాదైంది. దుమ్ము పడుతుందని సాకు చెప్పి ఖోసియత్ దానిమీద పువ్వులు కుట్టిన గుడ్డ కప్పింది. ఇంటికెవరైనా వస్తున్నారంటే గుడ్డ ఎత్తి, కొడుకు కొరికిన చోటే తానొక కొరుకు కొరికేది. తెల్లారేసరికి మళ్లీ నిండు రొట్టె. మొండి రొట్టె, మొండి ముసలిది.

ఆప్రికాట్ పూత రాలేనాటికి ఆవిడ తీర్మానించుకుంది. కోడల్ని పుట్టింటికి పంపేస్తే సిగ్గు కూడా దాంతోనే పోతుంది. మనవరాలు మాత్రం ఇక్కడే ఉంటుంది. జుమ్రద్ మూట కట్టుకుంది. ఆదివారం కారు తెస్తానన్నాడు ఆమె అన్న.

శనివారం లోబర్ వచ్చింది. తాష్కెంట్‌లో సమాజశాస్త్రం చదువుతున్న పిల్ల. మగవాళ్లు వెళ్లిపోయిన ఇళ్లు ఎలా నడుస్తున్నాయని ఇల్లిల్లూ తిరిగి అడుగుతోంది.

"మీ అబ్బాయి రాకపోవడంలో తప్పెవరిది పెద్దమ్మా?"

"ఇంకెవరిది, దానిది!" టీ పోస్తున్న జుమ్రద్‌ని మోచేత్తో చూపించింది ఖోసియత్. "మా వీధిలో అందరి కొడుకులూ వచ్చిపోతున్నారు. మా ఇంటికే పట్టింది ఈ దరిద్రం. వాడు మంచివాడు, చూడు, వాడి కొరుకు ఎలా కాచుకునుందో." గుడ్డ ఎత్తింది.

లోబర్ రొట్టెను చూసింది. ఆవిణ్ణీ చూసింది.

"ఒకరింటి సంగతి ఇంకొకరికి చెప్పనని మాటిచ్చాను, చెప్పను. కానీ గడ్డం మీద రొట్టె పొడి తుడుచుకోండి పెద్దమ్మా. ఈ వీధిలో పొద్దుటినుంచి ప్రతి ఇంట్లోనూ ఇదే మాట చెప్పాల్సొస్తోంది."

జుమ్రద్ చేతిలో కెటిల్ ఆగిపోయింది. ఖోసియత్ చెయ్యి గడ్డం మీదికి పోయింది.

"ప్రతి ఇంట్లోనా? ముకద్దస్ ఇంట్లో కూడానా?"

"చెప్పనన్నానుగా."

"అయితే ఈ వీధి కోడళ్లంతా ఒక్కసారే చేతగానివాళ్లయిపోయారా?"

"నూలు మిల్లు మూసేశాక మీ మగాళ్లంతా ఒకే రైలెక్కారు. ఒకే రకం గదుల్లో కుక్కుకుని ఉంటున్నారు. మిల్లుకి తాళం వేసింది మీ కోడలా? ఒక ఇంట్లో ఏడుపు వినబడితే, అదే ఏడుపు ఇంకా ఎన్ని ఇళ్లలో ఉందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకడమే నా చదువు."

"తగలెయ్య నీ చదువు," అంది ఖోసియత్. "మరి నా కొడుకు తప్పేం లేదంటావా?"

"ఉంది. మీ కోడలిదే లేదు."

ఆ శుక్రవారం ఆడవాళ్లు ఎందుకు నోరు మెదపలేదో ఖోసియత్‌కి అప్పుడు తెలిసొచ్చింది. ఎవరి గుడ్డ వాళ్లు కాపాడుకుంటున్నారు. తను అరిచింది ఒక్క కోడలి మీదే, తలలు వంచుకున్నది మాత్రం అన్ని ఇళ్ల కోడళ్లూ. మొహమంతా తందూరులో పెట్టినట్టు మండింది. జుమ్రద్ వైపు చూడలేకపోయింది.

మర్నాడు కారు రాకముందే ఆవిడ రొట్టెను మేకుతో సహా గోడనుంచి పెరికింది. కొరకలేదు, కప్పలేదు. వీధంతా చూస్తుండగా తందూరు దగ్గరికి పట్టుకెళ్లి, ఆ మాట ఎక్కడ నిలబడి అందో అక్కడే నిలబడింది.

"నా కొడుకు అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. నేనే కొరికి, నేనే దాచాను. నా కోడల్ని అన్న మాట అబద్ధం. చూసుకోండి."

ముకద్దస్ గబుక్కున గడ్డం తుడుచుకుంది. "నీ పళ్లు ఇంకా గట్టివే ఖోసియతక్కా. కొరికి కొరికి నాకున్న రెండూ కదిలిపోయాయి."

ఎవరో నవ్వబోయి ఏడ్చారు. ముకద్దస్ లోపలికెళ్లి తన రొట్టె తెచ్చింది. తరవాత ఇంకో తలుపు తెరుచుకుంది, దాని పక్కది, ఎదురుది. తందూరు అరుగు నిండా రొట్టెలు, ఒక్కదానికీ కొరుకు లేదు. విరిస్తే ఇప్పుడే కాలినట్టు ఆవిరి వచ్చింది.

జుమ్రద్ మాత్రం ముట్టలేదు.

"ఆ మూట విప్పవే అమ్మా," అంది ఖోసియత్ నేలవైపు చూస్తూ.

"మీరు ఆ మాటన్నది ఏ రోజో గుర్తుందా అత్తయ్యా?"

గుర్తులేదు. అంతవరకూ పడిన సిగ్గంతా ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

"నాకుంది." జుమ్రద్ పచ్చి రొట్టెను అత్త ముందుకి తోసింది. "గుచ్చండి. తరవాత చూద్దాం మూట సంగతి."

కోడలు తేదీ చెబుతుంటే అత్త ఆ మేకు మొనతో ఒక్కో చుక్కా గుచ్చి, రొట్టెను తందూరులో అతికించింది. కారు ఖాళీగా తిరిగెళ్లింది. ఆ రొట్టె ఇప్పటికీ అదే మేకుకి వేలాడుతోంది, ఏ గుడ్డా లేకుండా. ఎన్నిసార్లు తెల్లారినా ఆ చుక్కలు పూడలేదు: 2014 మార్చి 14.