ఎర్ర గీతకు అవతలి అమ్మాయి

నేను ఒక ఫొటోని. పెళ్లి ఆల్బంలో మెత్తటి అట్టల మధ్య పడుకునే రకం కాదు, పత్రికాఫీసులో పుట్టినదాన్ని. మా జాతికి అందం కన్నా వేళ ముఖ్యం. సాయంత్రం అచ్చుకు అందితే బతికినట్టు, లేకపోతే లేదు.

అరవై తొమ్మిదిలో ఏలూరు కాలేజీ అమ్మాయిలు ముగ్గురు సైకిళ్ల మీద కన్యాకుమారికి బయల్దేరారు. వాళ్లను ఫొటో తీయడానికి మస్తాన్ అనే విలేఖరి వచ్చాడు. ప్రమీల, గ్రేస్ సైకిళ్లు పట్టుకుని నిటారుగా నిలబడ్డారు. మూడో అమ్మాయి మాణిక్యాంబ మాత్రం ఓ పక్కన గొంతుక్కూర్చుని తన సైకిలు వెనక చక్రానికి గాలి కొడుతోంది.

“నువ్వూ కాస్త లేచి నిలబడమ్మా,” అన్నాడు మస్తాన్.

“చక్రం మెత్తగా ఉందండీ. నిలబడితే ఫొటోలో బాగుంటాను గానీ, హనుమాన్ జంక్షన్ దాటలేను.”

అతను నవ్వి నొక్కేశాడు. ఎర్రదీపం గదిలో, మందునీళ్ల తొట్టిలో నేను మెల్లగా కళ్లు తెరిచాను. ముందు సైకిళ్లు తేలాయి, తరవాత అమ్మాయిలు. గాలి కొట్టే పిల్ల నాలుక చివర పళ్ల మధ్య బిగబట్టి ఉంది. నాలో నాకు బాగా నచ్చేది ఆ నాలుకే.

పేజీ సర్దే ఆయనకు అది అక్కర్లేకపోయింది. ఆయన దగ్గర ఉన్నది రెండు కాలమ్‌ల చోటు. ఎర్ర పెన్సిలు తీసి, నిలబడ్డ ఇద్దరి పక్కన నిలువుగా ఒక గీత గీశాడు. మాణిక్యాంబ గీతకు అవతల పడింది. ఈ గీతలు మాకు మామూలే. కోత పడేది అచ్చులోనే తప్ప మా ఒంటి మీద కాదు. ఆయన అంతటితో ఆగినా బాగుండేది. కానీ మహా నిక్కచ్చి మనిషి. మస్తాన్ రాసిచ్చిన వార్తలో ‘ముగ్గురు విద్యార్థినులు’ అని ఉంది. గీతలోపల తలలు చూస్తే రెండే. మస్తాన్ పొరపడ్డాడనుకుని, ‘ఇద్దరు’ అని శ్రద్ధగా దిద్దాడు. మర్నాడు జిల్లా అంతా ఇద్దరినే మెచ్చుకుంది. నిజానికి తగ్గట్టు బొమ్మను కోసుకోవడం మనుషులకు చేతకాదు. బొమ్మకు తగ్గట్టు నిజాన్ని కోస్తారు.

తరవాత చాలా ఏళ్లు ఇనప బీరువాలో నిద్రపోయాను. ఆఫీసు మరో చోటికి మారినప్పుడు చిత్తుకాగితాలతో పాటు బయటపడి, విజయవాడలో ఒక పాత పుస్తకాల కొట్టుకు చేరాను. అక్కడ హైమవతి నన్ను చూసింది. ఆవిడ పోగుచేసేది ఒకటే రకం: కుర్రకారు దూరప్రయాణాల పత్రికా ఫొటోలు. స్కూటరు మీద కాశ్మీరు వెళ్లినవాళ్లు, కాలినడకన ఢిల్లీ చేరినవాళ్లు, అందరూ ఆవిడ మంచం కింద పెట్టెలో కలిసిమెలిసి ఉండేవాళ్లం. ఆవిడకు మాత్రం బందరు బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది.

“ఊళ్లో పిల్లలందర్నీ తెచ్చి మంచం కింద పెట్టావు,” అనేవాడు భర్త సుదర్శనం.

“వాళ్లేం కాఫీ అడగట్లేదుగా,” అనేది ఆవిడ, మెత్తటి గుడ్డతో నన్ను తుడుస్తూ.

మొన్న వేసవిలో ఏలూరు గ్రంథాలయంలో మా అందరితో ప్రదర్శన పెట్టింది. ఫ్రేములు కట్టే అతను నన్ను తిప్పి చూసి, “ఈ ఎర్ర గీత దాకా అట్టతో మూసేస్తానండి, నీటుగా ఉంటది,” అన్నాడు.

“వద్దు బాబూ, అంచుల దాకా కనపడనీ. గీసినాయన చూడమన్నంత వరకు అందరూ చూశారు. మిగతాది కూడా చూడాలిగా.”

ప్రదర్శనకు ఒక ముసలావిడ, కొడుకు, మనవరాలు వచ్చారు. వాళ్ల వాదన నా దగ్గరకు రాకముందే వినిపించింది. మనవరాలు స్నిగ్ధ స్నేహితురాళ్లతో సైకిళ్ల మీద కన్యాకుమారి వెళ్తానంటోంది. తండ్రి మురళి ఒప్పుకోవడం లేదు.

“నానమ్మ వెళ్లింది కదా నాన్నా.”

“వెళ్లానని చెప్పడమే గానీ ఎవరు చూశారు? తాతయ్య దాచిన పేపరు ముక్క నువ్వూ చదివావు. ఇద్దరే. నానమ్మ వెళ్లినట్టు చూపించు, మారు మాట్లాడకుండా నిన్ను పంపిస్తా.”

“మీ తాతయ్య కూడా ఆ ముక్క చూపించే నన్ను ఏడిపించేవారు,” అంది ముసలావిడ. “చెప్పి చెప్పి నేనే మానేశాను.”

ఆవిడ కళ్లజోడు కోసం సంచీ తెరవబోయింది. జిప్పు పట్టేసింది. ఆవిడ దాన్ని గుంజుతూ ఉండగా స్నిగ్ధ నా ముందు ఆగిపోయింది.

“నాన్నా, ఈ నాలుక చూడు.”

మురళి నన్ను చూశాడు. తల్లిని చూశాడు. జిప్పుతో కుస్తీపడుతూ ఆవిడ నాలుక చివర పళ్ల మధ్య బిగబట్టి ఉంది. మళ్లీ నన్ను చూశాడు.

“అమ్మా. ఇది నువ్వే.”

“మూడో పిల్లను నేనేనని నీ చిన్నప్పట్నించీ చెబుతున్నాగా. ఉండు, జోడు పెట్టుకోనీ.”

పెట్టుకుంది. ముక్కు నా అద్దానికి తగిలేంత దగ్గరగా వచ్చి చాలాసేపు చూసింది. ఆవిడ ఊపిరికి అద్దం మసకబారింది. “ఈ చక్రం కన్యాకుమారి దాకా మళ్లీ మెత్తబడలేదు,” అంది చివరికి. “ప్రమీల ఫొటోకి నిలబడింది. దారిలో పంచర్లన్నీ దానికే.”

ఒక్క ఫొటో కూడా ఎవరికీ ఇవ్వని హైమవతి నన్ను గోడ మీంచి దించింది. “మీరు తీసుకెళ్లండి పిన్నిగారూ.”

“మా ఇంట్లో అయితే మేమే చూస్తాం. ఇక్కడ ఊరంతా చూస్తుంది. ఇన్నేళ్లు గీత అవతల కూర్చున్నాను, ఇక చాలు. పిల్లలు బయల్దేరే రోజు మాత్రం దీన్ని తీసుకురా అమ్మా.”

తీసుకొచ్చింది. గ్రంథాలయం ఆవరణలో అమ్మాయిలు సైకిళ్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు. నేను హైమవతి చేతుల్లో ఉన్నాను. మాటకు కట్టుబడిన మురళి ఫోను పైకెత్తాడు. మాణిక్యాంబ ఓ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, మనవరాలి సైకిలు వెనక చక్రానికి గాలి కొడుతోంది.

“అమ్మా, కాస్త లేచి ఇటు రా. నువ్వు ఫొటోలో రావట్లేదు.”

“చక్రం మెత్తగా ఉందిరా,” అంది ఆవిడ తలెత్తకుండానే. “నువ్వే నాలుగడుగులు వెనక్కి జరుగు.”

మురళి జరిగాడు.