నోరు తిరగని అక్షరం

పెద్దవాళ్లని మీరు అనడమే లేని భాష, ఇదేం భాషో, అరవై రెండేళ్ల మనిషికీ మెట్ల మీది పిల్లికీ ఒకటే పిలుపు, నువ్వు రా, నువ్వు చదువు, నువ్వు మళ్లీ తప్పన్నావు ఎల్దా, అని అయిదు నెలలుగా తన సగం వయసు టీచరు ఓస్నత్ చేత అనిపించుకున్న ఎల్దా ఇవాళ ఆ ఓస్నత్ ఇంటికే వెళుతోంది, ఓస్నత్ తండ్రి పోయి నాలుగో రోజు, హీబ్రూ క్లాసు మొత్తం పరామర్శకు బయల్దేరింది, హైఫా కొండ దిగుతున్న బస్సు, కిటికీ పక్క సీటు, ఒళ్లో చేతిసంచీ, సంచీలో కవరు, కవరులో మూడు పేజీల ఫిర్యాదు, బడి డైరెక్టరుకి, ఓస్నత్ అనే టీచరు విద్యార్థులను నలుగురిలో అవమానిస్తుంది అని మొదలయ్యే ఉత్తరం, డైరెక్టరు కూడా అక్కడికే వస్తాడట, మంచిదే, ఆమె కళ్ల ముందే చేతికివ్వొచ్చు, టీచర్లని ఏ ఏటికా ఏడు తీసుకుంటారు, ఒక్క ఫిర్యాదు పడితే వచ్చే ఏడు పిలవరు, ఆ సంగతి నలుగుర్ని వాకబు చేసి మరీ రాసింది.

పరామర్శ రోజున ఇవ్వడం పాపం కదా అంటే, పాపమే, అయితే ఏం, తనకి జరిగింది మాత్రం పుణ్యమా, టురిన్‌లో ముప్ఫై ఎనిమిదేళ్లు లాటిన్ చెప్పింది, తను గదిలోకి వస్తే కుర్చీ కాళ్లు కూడా చప్పుడు చేసేవి కావు, ఒక్క పిల్లని నవ్వులపాలు చేసి ఎరగదు, సరే, ఒకరిద్దర్ని చేసిందేమో, అది వేరు, వాళ్లు పాఠం చదవని వాళ్లు, తను రాత్రీ పగలూ చదివింది, ఈ ఊరు రావాలన్నది అసలు భర్త సిల్వియో సరదా, ఇల్లమ్మారు, టికెట్లు కొన్నారు, ప్రయాణం మూడు వారాలుందనగా సిల్వియో పోయాడు, ఇద్దరి సామానుతో ఒక్కతే దిగింది, ఆయన కోట్లు ఇంకా అలమారలోనే ఉన్నాయి, ఈ ఎండల దేశంలో ఆ ఉన్ని కోట్లు ఎవరిక్కావాలి.

నీ కుటుంబం గురించి నాలుగు వాక్యాలు చెప్పు ఎల్దా, అంది ఆ రోజు ఓస్నత్, ఎల్దా లేచి నిలబడింది, మా ఆయన చనిపోయాడు, అంది, అది తప్పు లేకుండానే అంది, ఆయన తర్వాత నాకెవరూ లేరు, అనబోయింది, ఆయన తర్వాత అంటే అఖరావ్, ఆ ఖ గొంతు గీరుకుంటూ రావాలి, ఇటలీలో పుట్టిన గొంతులో అది క అయిపోతుంది, అకరావ్ అంది, అంతే, ఓస్నత్ పకపకా నవ్వింది, అక్రావా, మీ ఆయన తేలా, అంది, అక్రావ్ అంటే తేలు, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద తేలు బొమ్మ గీసింది, కొండితో సహా, ఊరుకోక దానికి కళ్లజోడు కూడా పెట్టింది, సిల్వియోకి కళ్లజోడుండేదని దానికెలా తెలుసు, తెలియదు, అయినా పెట్టింది, క్లాసు క్లాసంతా కడుపు పట్టుకుని నవ్వింది, చనిపోయాడు అన్న మాట ఒక్కరికీ వినబడలేదు.

దోన్యా ఎల్దా, ఇంకోసారి అనండి, అంటున్నాడు పక్క సీట్లో రూబెన్, బ్యూనస్ ఎయిరిస్‌లో పళ్ల డాక్టరు, క్లాసులో తనని గౌరవంగా పిలిచేది ఇతనొక్కడే, ఆ రోజు నవ్విన వాళ్లలో ఇతనూ ఉన్నాడు, బాతి లెనఖెమ్, ఓదార్చడానికి వచ్చాను, గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే ఎలా ఖాకరిస్తారో అలా అనాలి, ఖ, క అన్నారా కొంప మునుగుతుంది, లెనకెమ్ అంటే పగ తీర్చుకోవడమని అర్థం వస్తుంది, చావింట్లో బాగుండదు మరి, అని నవ్వుతున్నాడు, ఎల్దా కూడా కాస్త నవ్వింది, లెనఖెమ్, లెనఖెమ్, అదేమిటో ఇవాళ నోరు తిరుగుతోంది, రూబెన్ చప్పట్లు కొట్టాడు, ఎల్దా మనసులో మాత్రం వేరే వాక్యం నలుగుతోంది, మీ నాన్న తేలా ఓస్నత్, అని అడగాలి, మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి, అందరూ వినేలా, అప్పుడు ఆ మొహం చూడాలి, ఆ తర్వాత కవరు.

గేటుకి చావు కబురు కాగితం అంటించి ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది, అద్దం మీద దుప్పటి, ప్లాస్టిక్ కుర్చీలు, డైరెక్టరు ఓ మూల బురేకాస్ పఫ్ తింటున్నాడు, గడ్డం నిండా పొరల తునకలు, ఓస్నత్ పొట్టి పీట మీద కూర్చుంది, వాళ్ల చావు ఆచారం ప్రకారం చొక్కా మెడ దగ్గర చించి ఉంది, నాలుగు రోజులుగా దువ్వని జుట్టు, ఇంత చిన్న మనిషా ఈమె, బోర్డు ముందు ఎంత ఎత్తుగా కనబడేది, జాలి పడకు ఎల్దా, జాలి తర్వాత పడొచ్చు, చెయ్యి సంచీలోకి పోయింది, కవరు అంచు వేళ్లకి తగిలింది, చావింట్లో వాళ్లు పలకరించేదాకా మనం నోరెత్తకూడదు, అందుకని నిలబడింది, ఓస్నత్ తలెత్తింది, ఎల్దా, నువ్వు కూడా వచ్చావా, అంది.

బాతి లెనకెమ్, అంది ఎల్దా.

నాలుక జారిందో, జారనిచ్చిందో తనకే తెలియలేదు, రూబెన్ దగ్గాడు, ఓస్నత్ తమ్ముడు ఆపుకోలేక ఫక్కుమన్నాడు, వెనక కుర్చీల్లోనూ నవ్వులు పాకాయి, పాపం కొత్తగా వచ్చినావిడ, ఓదార్చడానికి అనబోయి, అని ఎవరో సర్దిచెబుతున్నారు, ఓస్నత్ ఒక్కతే నవ్వలేదు, ఎల్దా మొహం చూసింది, సంచీలో ఉన్న చెయ్యి చూసింది, మళ్లీ మొహం చూసింది, అయిదు నెలల్లో ఎల్దా అన్న ఒక్క క ని దిద్దకుండా వదలని మనిషి ఇవాళ దిద్దలేదు, మొహంలో నెత్తుటి చుక్క లేదు.

నవ్వకురా, అంది తమ్ముడితో, ఆవిడ తప్పేం అనలేదు, సరిగ్గానే అంది, ఆవిడ భర్త పోయాడని చెబితే నేను బోర్డు మీద తేలు బొమ్మ గీశాను.

డైరెక్టరు నమలడం ఆపాడు, ఎల్దా, నాకేమైనా ఇవ్వాలా, అన్నట్టు సంచీ వైపు చూస్తున్నాడు, ఎల్దా ఒంట్లో ఒక వేడి పైకి పాకింది, అది జాలి కాదు, క్షమించడం అసలే కాదు, ఎంతో కాలంగా ఆకలిగా ఉన్న మనిషికి మొదటి ముద్ద దిగినప్పటి సుఖం, ఓస్నత్ కళ్లు ఇంకా తన మీదే ఉన్నాయి, తర్వాతి దెబ్బ కోసం కాచుకున్నట్టు, ఎల్దా చెయ్యి బయటికి తీసింది, ఖాళీ చెయ్యే, పక్కనున్న కుర్చీ లాక్కుని ఆ పొట్టి పీటకి ఎదురుగా కూర్చుంది, ఈ భాషలో తను మనసులో ఉన్నది పొల్లు పోకుండా చెప్పిన మొదటి మాట అదేనని, వినవలసిన మనిషి దాన్ని విన్నదని, ఆ మూడు పేజీల్లో ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదని ఆమెకి తెలిసిపోయింది.