కొత్తమ్మాయి గురించి రెండు మాటలు

మూడో కిటికీ ముందు వరుస ఆస్పత్రి గేటు దాకా పాకింది. పైన ఫ్యాను తిరుగుతోందే గాని ఆ గాలి ఎవరికి తగులుతోందో ఎవరికీ తెలియదు. పేరు అడగడం, వయసు అడగడం, ఏం బాధో అడగడం, కంప్యూటరులో కొట్టి చీటీ చేతిలో పెట్టడం. పొద్దుటి నుంచి పిచ్చుకకి గొంతు తడుపుకునే తీరిక లేదు. మనిషి పీలగా ఉంటుంది, మాట సన్నగా వస్తుంది. అందుకని ఆస్పత్రిలో ఆమెకు ఆ పేరే స్థిరపడిపోయింది.

పక్క స్టూలు మీద కొత్తమ్మాయి కూర్చుంది. చేరి మూడు వారాలైంది. వేళ్ళు చురుకైనవే. కళ్ళే నిలకడగా ఉండవు, ఊరికే గోడ గడియారం మీదికి పోతుంటాయి. ఆ పరధ్యానంలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన పెద్దాయన్ని ఎముకల డాక్టరు దగ్గరికి పంపేసింది. ఆయన రెండంతస్తులు ఎక్కి, దిగి, ఆయాసపడుతూ మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పొద్దుటి దాకా నా మోకాళ్ళు బాగానే ఉన్నాయమ్మా. నీ పుణ్యమా అని ఇప్పుడు నిజంగానే ఎముకల డాక్టరు కావాలి" అన్నాడు.

వరుసలో నలుగురు నవ్వారు. కొత్తమ్మాయి ముఖం చిన్నబోయింది. పిచ్చుక చీటీ మార్చి ఇస్తూ, "కొత్త పిల్ల తాతా, ఈసారికి కాయండి" అంది. లోపల మాత్రం దడ. ఇవాళే మీటింగు.

పనిలేని ఆడవాళ్ళకి ప్రభుత్వ ఆఫీసుల్లో పని నేర్పి, అక్కడే కుదిర్చే పథకం అది. కొత్తగా వచ్చినవాళ్ళని అంతకు ముందు వచ్చినవాళ్ళ చేతిలో పెడతారు. అలా ముందు వచ్చినవాళ్ళని తోడు అంటారు. తోడులందరి మీదా ఒక తోడక్క. ఎవరిని ఉంచాలి, ఎవరిని ఇంటికి పంపాలి అన్నప్పుడు పైవాళ్ళు అడిగేది ఆవిడనే. పిచ్చుకకి ఆవిడే పని నేర్పింది. పిచ్చుక పాపకి జ్వరమొస్తే మందు కొనిచ్చింది కూడా ఆవిడే. ఇప్పుడు పిచ్చుక కూడా ఒకరికి తోడైంది, మొదటిసారి. కొత్తమ్మాయి నిలబడితే తనూ నిలబడుతుంది. పడిపోతే తన కాలి కింద నేలా కదులుతుంది.

పని నేర్పడం పిచ్చుకకి కష్టం కాదు. కష్టమంతా మీటింగుతోనే. పై ఆఫీసు నుంచి పెద్దసారు వచ్చినప్పుడల్లా ఒక్కొక్క తోడూ మైకు పట్టుకుని, తన చేతికిందికొచ్చిన మనిషి గురించి రెండు మాటలు చెప్పాలి. పని గురించి చెబితే ఎవరికీ పట్టదు. పథకం రాకముందు ఆ మనిషి ఎంత అడుక్కి పోయిందో చెప్పాలి. చెప్పడం అయ్యాక ఆ మనిషి లేచి దణ్ణం పెట్టాలి. అందరూ చప్పట్లు కొడతారు. ఎవరి కథకి పెద్దసారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటే వాళ్ళ ఉద్యోగానికి ఢోకా లేదని చెప్పుకుంటారు.

హాల్లోకి కుర్చీలు మోసుకెళ్తున్న, స్ట్రెచర్లు తోసే బాబాయి కిటికీ దగ్గర ఆగాడు.

"ఇవాళ ఏడిపించేది ఎవరమ్మాయ్? చెబితే ముందే తువ్వాలు తెచ్చుకుంటా."

"నీకు అన్నీ వేళాకోళమే బాబాయ్."

"ఏం చెయ్యను, పోయినసారి చొక్కాకి తుడుచుకోవాల్సొచ్చింది."

పిచ్చుక నవ్వలేకపోయింది. ఒకప్పుడు తన వంతూ వచ్చింది మరి.

మధ్యాహ్నం కిటికీ మూయగానే కొత్తమ్మాయి సంచీ భుజాన వేసుకుంది.

"ఇవాళ వెళ్ళకే. పెద్దసారు ఎప్పుడైనా దిగొచ్చు. నువ్వు కనపడకపోతే నా పీకల మీదికొస్తుంది" అంది పిచ్చుక.

"అరగంటలో వచ్చేస్తానక్కా."

"రోజూ ఇదే మాట. ఇంట్లో ఏముందే అంత?"

కొత్తమ్మాయి మెట్ల కిందికి నడిచింది. పిచ్చుక వెనకే వెళ్ళింది. విరిగిన చక్రాల కుర్చీ ఒకటి అక్కడ పడి ఉంది. దాని చెయ్యి గోకుతూ కొత్తమ్మాయి చెప్పుకొచ్చింది.

"మా పిల్లకి రెండేళ్ళు నిండలేదక్కా. చూసేవాళ్ళు లేరు. పక్కింటావిడని అడిగితే జీతంలో సగం ఇమ్మంది. సగం ఇచ్చేస్తే అద్దె ఎక్కణ్ణించి కట్టను? అందుకని..." అని ఆగింది. "మంచం కోడుకి కడుతున్నా. మెత్తటి పాత చీర పేలికతోనే. కాలికి. పక్కన నీళ్ళూ, మరమరాలూ పెడతా. తలుపు తాళం వేసి వస్తా. మధ్యాహ్నం వెళ్ళి విప్పి, కడిగి, తినిపించి, మళ్ళీ కడతా. మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు నేను పేలిక తియ్యగానే తనే కాలు చాపుతోంది."

ఈ ఆస్పత్రిలోనే, కింది అంతస్తులో, పనిచేసే ఆడవాళ్ళ బిడ్డల కోసమని పెట్టిన పిల్లల గది ఉంది. గోడ మీద ఏనుగు బొమ్మ, చిన్న చిన్న చాపలు. అద్దంలోంచి చూస్తే కనిపిస్తాయి. తలుపుకి తాళం. లోపల విరిగిన బల్లలు పేర్చారు.

"వెళ్ళు. తొందరగా రా. నేను చూసుకుంటా" అంది.

చూసుకుంటానన్న మాట నిలబెట్టుకుందామనే పిచ్చుక తిన్నగా తోడక్క గదికి వెళ్ళింది. దాచకుండా చెబితే, ఇంత ఘోరం విన్నాక, ఆ తాళం తీయించకుండా ఉండగలరా అనుకుంది. మంచం, పేలిక, కాలు చాపడం, అన్నీ చెప్పేసింది. చెబుతుంటే తనకే కన్నీళ్ళాగలేదు.

తోడక్క కళ్ళూ చెమర్చాయి. అవి నిజమైన కన్నీళ్ళే, అందులో అనుమానం లేదు. తుడుచుకుని, పిచ్చుక చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ నువ్వు మాట్లాడేది ఇదే తల్లీ. ఒక్క ముక్క వదలొద్దు. ఆ కాలు చాపడం ఉందే, అది ఆఖర్న చెప్పు."

"మీటింగు కోసం కాదక్కా నేను చెప్పింది. ఆ పిల్లల గది తాళం..."

"దానికి ఫైలు నడవాలే. గది ఒక ఆఫీసుది, తాళం ఇంకో ఆఫీసుది. కథకైతే ఫైలు అక్కర్లేదు."

"అలా బిడ్డని కట్టేసిందని అందరికీ తెలిస్తే రేపు వీధిలో ఎలా తిరుగుతుందక్కా?"

"నువ్వు తిరగడం లేదూ?" అంది తోడక్క, మెత్తగానే. "అందరం ఈ దారినే వచ్చాం. నా గురించి చెప్పిన రోజు నేను వారం పాటు అన్నం తిన్లేదు. తర్వాత తిన్నాను. ఉద్యోగం ఉంది కాబట్టి తిన్నాను. వెళ్ళు, ముఖం కడుక్కో. వచ్చే నెల ఎవరుండాలని నన్నే అడుగుతారు. నీ పేరు చెప్పాలనే నాకూ ఉంది."

పిచ్చుక పంపు దగ్గర చాలాసేపు ముఖం కడుక్కుంది. ఎంత కడిగినా చెంపల వేడి తగ్గలేదు. ఆడది ఆడదాన్ని నమ్మి చెప్పుకున్న మాట అరగంట కూడా తన కడుపులో దాగలేదు.

తన గురించి తోడక్క చెప్పిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు పిచ్చుక మొగుడు కూడా హాల్లో ఉన్నాడు. రంగులు వేసేవాడు. నిచ్చెన మీంచి పడి ఏడాది మంచాన ఉండి, అప్పుడప్పుడే కర్రతో నడుస్తున్నాడు. పెళ్ళానికి ఉద్యోగం ఇస్తున్నారని తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాపని ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. ఆ ఏడాదంతా ఇంట్లో తిన్న అన్నం పిచ్చుక ఫంక్షన్ హాలులో పని చేసి తెచ్చిందనే అతను అనుకునేవాడు. హాలు వెనక గిన్నెలు తోమేవాళ్ళ మధ్య నిలబడి, విస్తళ్ళలో మిగిలింది క్యానులో ఎత్తుకొచ్చిందని మైకులోనే మొదటిసారి విన్నాడు.

ఆ రాత్రి నుంచి అన్నానికి కూర్చోగానే మూత తీసి చూసి, "ఇది ఎక్కడిది?" అంటాడు. "మన పొయ్యిదే" అంటుంది పిచ్చుక. అప్పుడు కంచం దగ్గరికి జరుపుకుంటాడు. జీతం వస్తోంది, సరుకులు అతనే తెస్తున్నాడు, అయినా అడగడం మానలేదు. మొన్న పాప కూడా గిన్నె మూత తీసి, వచ్చీరాని మాటల్తో అదే అడిగింది.

హాలు నిండింది. కొత్తమ్మాయి పరుగున వచ్చి పిచ్చుక పక్క కుర్చీలో కూలబడింది. చీర కుచ్చిళ్ళ దగ్గర అన్నం మెతుకు ఒకటి అంటుకుని ఉంది.

"ఆలస్యమైందా అక్కా?"

"లేదు."

"నా గురించి మంచిగా చెప్తావు కదూ? పొద్దున ఆ తాత సంగతి మాత్రం చెప్పకు" అంది గుసగుసగా, నవ్వుతూ. వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల నవ్వడం పిచ్చుక చూడటం అదే మొదటిసారి.

ఇద్దరు తోడులు మాట్లాడారు. ఇద్దరు ఆడవాళ్ళు లేచి దణ్ణాలు పెట్టారు. పెద్దసారు కళ్ళజోడు ఇంకా తీయలేదు. మూడోది పిచ్చుక వంతు. ఆయనే మైకు చేతికందించాడు.

"చెప్పమ్మా, నీ చెల్లెలి గురించి రెండు మాటలు."

"ఈ అమ్మాయి చురుకైంది సార్. మూడు వారాల్లో కిటికీ పని మొత్తం నేర్చుకుంది. ఏ వార్డు ఎక్కడో కళ్ళు మూసుకుని చెబుతుంది. ఎవరైనా విసుక్కున్నా ఎదురు మాట్లాడదు."

ఆయన తలాడించాడు. ఇంకా ఏదో రావాలన్నట్టు చూశాడు. "బావుంది. ఇంతకు ముందు ఎలా ఉండేదో చెప్పు."

పిచ్చుక మైకు రెండో చేతిలోకి మార్చుకుంది. ముందు వరసలోంచి తోడక్క కొంచెం వంగి, "ఆ మంచం సంగతి చెప్పు తల్లీ" అంది. మెల్లగానే అంది. కాని మైకు దగ్గర్లో ఉంది.

కొత్తమ్మాయి పిచ్చుక వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. దణ్ణం పెట్టడానికని అప్పటికే సగం దగ్గరికొచ్చిన ఆ పిల్ల చేతులు మళ్ళీ ఒళ్ళోకి జారిపోయాయి.

నాకేం తెలియదు సార్ అందామనుకుంది పిచ్చుక. నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"నేను చెప్పను సార్."

"భయపడకమ్మా, అందరూ మనవాళ్ళే."

"భయం కాదు సార్. అది ఆ అమ్మాయి ఇంటి సంగతి. నేను చెప్పను."

ఎవరో దగ్గారు. వెనకాల కుర్చీ కిర్రుమంది. తోడక్క లేచింది, నవ్వు ముఖాన అతికించుకుని.

"కొత్త కదా సార్, బెదిరింది. నేను చెబుతాను" అని చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వు తల్లీ."

ఆ చెయ్యి ఒకప్పుడు పాపకి మందు తెచ్చిచ్చిన చెయ్యే. పిచ్చుక మైకుని రెండు చేతులతో గుండెకి అదుముకుంది.

"ఇవ్వవే" అంది తోడక్క, ఈసారి నవ్వు లేకుండా.

కొత్తమ్మాయి కుర్చీలోంచి లేచింది. సంచీ తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా, పిచ్చుక వైపు అసలే చూడకుండా, పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. మైకు ఎవరూ తీసుకోలేదు, ఎవరూ ఆపలేదు. దానికి ఆనుకుని దడదడా కొట్టుకుంటున్న పిచ్చుక గుండె చప్పుడు నాలుగు మూలలా ఉన్న స్పీకరు పెట్టెల్లోంచి అందరికీ వినిపిస్తోంది.