అష్టమాయ మింగిన గుటక

కీర్తిపూర్‌లో మా సందు ఆడవాళ్ళకు తెల్లారితే పని ఒకటే. గుమ్మం అలికి, నీళ్ళు మోసుకుని, పై అంతస్తులోని వంటింటికి ఎక్కుతారు. పొయ్యి మీద రోజూ అన్నం ఉడుకుతుంది, పండగల ముందు ఐలా అనే ఇంటి సారా కాగుతుంది. బియ్యంతో కాచే ఆ ఐలా లేకుండా మాకు పూజ లేదు, పెళ్ళి లేదు, చావు కూడా లేదు. అందుకే దాన్ని పాడుచేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. పంచదార గుమ్మరించి పులియబెట్టిన దరిద్రాన్ని చేతికిచ్చి, పైగా ఎలా ఉందని అడిగే మనుషులున్నారు.

మా సందు పెద్దావిడ అష్టమాయ నాలా తిట్టదు. చెడ్డ ఐలా నోట్లో పడితే మొహం చిట్లిస్తుంది, అంతే. ముక్కు ముడుచుకుంటుంది, పై పెదవి లేస్తుంది, ఎడమ కన్ను సగం మూతపడుతుంది. కొంగుతో మూతి తుడుచుకునేసరికి ఆమె మొహం మామూలైపోతుంది. ఆ చిట్లింపు పోయి, ఐలాను పాడుచేసిన మనిషి మొహాన కూర్చుంటుంది. మళ్ళీ ఆమె గిన్నె చాపి ‘ఇంకొంచెం పొయ్యి’ అనేలాంటిది కాచేదాకా దిగదు. పక్కింటి నానీఛోరి ఆ మొహంతోనే కూతురి పెళ్ళిలో వడ్డన చేసింది. చుట్టాలు ‘ఇంకా దిగలేదా?’ అని పలకరించి భోజనానికి కూర్చున్నారు.

అష్టమాయ కోడలు రోజీనా ఖాట్మండూ నడిబొడ్డున పెరిగిన పిల్ల. వాళ్ళింటికి ఐలా కొట్టు నుంచి సీసాలో వచ్చేది. అత్తగారి మోకాళ్ళు మొరాయించాక పొయ్యి రోజీనా చేతికొచ్చింది.

"కాస్త పంచదార వేసెయ్, తొందరగా పులుస్తుంది. అమ్మకేం తెలుస్తుంది?" అని మొగుడు రత్నకాజీ చెవిలో ఊదాడు.

ఆమె వేసింది. అమ్మకు తెలిసింది.

మొహం పోయినందుకు రోజీనా పెద్దగా ఏడవలేదు. ఏడిపించింది పాప. అప్పుడే అన్నం ముట్టించారు. రోజీనా ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే, పాప ముద్దను చూసేది కాదు, తల్లి మొహాన్ని చూసేది. అంత రోతగా చూస్తూ పెట్టేదాన్ని ఎవరు తింటారు? ఉమ్మేసేది. కొన్నాళ్ళకు గిన్నె కనబడితే చాలు, ఆ చిట్టి ముక్కు కూడా ముడుచుకునేది. నానమ్మ పెట్టినా అంతే. బొద్దుగా ఉండే చేతులు పుల్లలైపోయాయి.

"అత్తయ్యా, నాకు సరిగ్గా నేర్పండి. నా మొహం ఎలా తగలడినా సరే, పిల్ల ఎండిపోతోంది" అంది రోజీనా.

"నేర్పేదేముంది? దేవుడు ముక్కిచ్చాడుగా, వాడు" అంది అష్టమాయ. అన్నదే గాని, మోకాళ్ళు పట్టుకుని పైకెక్కి పొయ్యి పక్కన పీట వేసుకుంది.

వండిన బియ్యం పూర్తిగా చల్లారాకే పులియబెట్టే మర్చా ఉండ నలిపి కలపాలి. జాడీకి గడ్డి చుట్టి, పసిబిడ్డలా వెచ్చగా ఉంచాలి. పులిశాక పొయ్యి మీద రాగి బిందెలో పోసి, పైన చిల్లుల కుండ, కుండలో చిన్న గిన్నె, ఆపైన చన్నీళ్ళ గంగాళం పెట్టి, సందులన్నీ మెత్తాలి. ఆవిరి గంగాళం అడుగున తగిలి చుక్కలుగా గిన్నెలో పడుతుంది. నీళ్ళు వేడెక్కితే మార్చాలి. ఆశపడి ఎక్కువసార్లు మారిస్తే కుడితి నీళ్ళు వస్తాయి.

రెండోసారి మంట ఎక్కువై అడుగంటింది. కాలిన చర్మం కంపు కొట్టింది. అష్టమాయ నోట్లో పోసుకోనే లేదు. "నువ్వే చెప్పు, ఏముంది దీంట్లో?" అంది. రోజీనా వాసన చూసి, పెరట్లో పారబోసి, తనూ కక్కుకుంది. ఆ రోజు నుంచి ఆమె ముక్కు పనిచేయడం మొదలుపెట్టింది.

దీపావళి దగ్గర పడింది. ఆ మర్నాడు మ్హ పూజ, అంటే ఎవరి ఒంటికి వాళ్ళు పూజ చేసుకునే రోజు. పాపకు అదే మొదటిది. రోజీనా రెండు జాడీలు కట్టింది. ఒకటి వంటింట్లో, ఒకటి అత్తగారి మంచం కింద. రెండూ మగ్గిన పండులా కమ్మగా పులిశాయి. కాచే రోజు పొద్దున వంటింటి జాడీ మూత తీస్తే మాత్రం ఏదో ఘాటు తగిలింది. పాప గుడ్డలు ఆరేసిన వాసనేమో అనుకుని బిందెలో పోసేసింది.

సన్న మంట మీద, తొందరపడకుండా కాచింది. అష్టమాయ గిన్నె ఎత్తింది. మెడ నరాలు బిగుసుకున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మొహం మాత్రం చెదరలేదు. గుటక వేసి గిన్నె బోర్లించింది.

"బాగుందా అత్తయ్యా?"

"ఊఁ."

ఇంకొంచెం పొయ్యి అనలేదు. రోజీనా మొహాన చిట్లింపు దిగనూ లేదు. ముసలావిడ చూపు ఒక్క క్షణం గుమ్మం వైపు పోయింది. అక్కడ రత్నకాజీ ఖాళీ సీసాల బుట్టతో నిలబడి ఉన్నాడు. అష్టమాయ ఇంటి ఐలా అని చెప్పి ఒక హోటలతనికి మాటిచ్చాడు మరి.

రోజీనా తనకు తాను ఒంపుకుని తాగింది. పశువుల పాకలో మూత్రం మడుగు మింగినట్టైంది. ఆ ఘాటు ఆమెకు తెలుసు. బంగాళాదుంపల చేనుకని మెట్ల కింద పెట్టిన బస్తాది.

"యూరియా వేశారా?"

"గుప్పెడే. కిక్కు వస్తుందని అందరూ వేస్తారు. అమ్మ తాగిందిగా, ఏమైనా అందా?"

"కన్నకొడుకువి కదరా. నీ మొహాన పడేయలేక దిగమింగాను. నా జన్మలో ఇంత రోత మింగలేదు" అంది అష్టమాయ.

రోజీనాకు మొగుడి మీద అంతకంటే ఎక్కువ రోత పుట్టింది. పిల్ల ఎండిపోతుంటే చూస్తూ, ఈ పని చేశాడు. ముడుచుకున్న మొహం ఇంకా ముడుచుకుంది. పొయ్యి పక్కన పడి ఉన్న గుడ్డతో ఆమె మూతి తుడుచుకుంది. గుమ్మంలో సీసాల బుట్ట జారింది. రత్నకాజీ రెండు చేతులతో ముడుచుకుపోయిన తన ముక్కు తడుముకున్నాడు.

సాయంత్రం వచ్చిన హోటలతను ఆ మొహం చూసి, సీసా మూత తీయకుండానే మెట్లు దిగిపోయాడు.

మంచం కింది జాడీని రోజీనా మర్నాడు కాచింది. మ్హ పూజలో అందరూ వరసగా ముగ్గుల ముందు కూర్చున్నారు. రత్నకాజీ ఆ మొహంతోనే తనకు తాను పూజ చేసుకున్నాడు. "ఇంకా దిగలేదా?" అన్నాడు అతని మేనమామ, గుడ్డు వొలుచుకుంటూ.

అష్టమాయ తాగి గిన్నె మళ్ళీ చాపింది. "ఇంకొంచెం పొయ్యి." రోజీనా మొహాన చిట్లింపు దిగింది. ముసలావిడ గొంతు తగ్గించి, "పండగ పూట, వాడిది తీసెయ్యవే" అంది.

"పొయ్యి అక్కడే ఉందత్తయ్యా. కాచి తెమ్మనండి, రుచి చూస్తాను" అంది రోజీనా.

ఆమె పాపను ఒళ్ళోకి తీసుకుని ముద్ద కలిపింది. పాప ముద్దను చూడలేదు. తల్లి మొహాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచింది.