పాడైన కిటికీలు, తలుపులు

ఊళ్లో ఎవరు ఒప్పందం రాయించుకోవాలన్నా పెద్ద లాయరు గారి దగ్గరికే వెళ్లేవారు. ఆయన రాసిన వాక్యానికి వంక పెట్టిన వాళ్లు లేరు. పెట్టింది చివరికి ఆయన కూతురే. లా పూర్తిచేసి, తండ్రి ఆఫీసులో చేరకుండా పక్క వీధిలో చిన్న గది తీసుకుని సొంత బోర్డు పెట్టుకుంది. అందరూ ఆమెను చిన్న లాయరమ్మ అనేవారు.

గొడవ ఒక పాత బడి మరమ్మతు గురించి. "పాడైన కిటికీలు, తలుపులు తీసి కొత్తవి బిగించాలి" అని బడి యాజమాన్యం తరఫున పెద్ద లాయరు ఒప్పందంలో రాశారు. వడ్రంగి మేస్త్రి చెదలు తిన్నవాటిని మార్చి, గట్టిగా ఉన్న టేకు తలుపులకు మెరుగు పెట్టి ఉంచేశాడు. యాజమాన్యం ఒప్పుకోలేదు. 'పాడైన' అన్నది కిటికీల గురించేనట, తలుపులు మాత్రం అన్నీ మార్చాలట. ఉన్నవి పీకేయమంది. మేస్త్రి ప్రాణం ఉసూరుమంది. నేరుగా చిన్న లాయరమ్మ దగ్గరికి వచ్చాడు.

"అవతలి పక్క మీ నాన్నగారు కదమ్మా. మీకు ఇబ్బందేమో?"

"ఇంట్లో నాన్న, అక్కడ ఎదుటి లాయరు. మీకు అభ్యంతరం లేకపోతే నాకూ లేదు."

యాజమాన్యం కూడా సరేనంది. విచారణకు మధ్యవర్తిగా రిటైరైన జడ్జిగారొకావిడ కూర్చున్నారు.

"రాసింది నేనేనండి. తలుపులన్నీ మార్చాలన్నదే నా ఉద్దేశం," అన్నారు పెద్ద లాయరు.

చిన్న లాయరమ్మ లేచి నిలబడింది. రెండు గుక్కల నీళ్లు తాగింది.

"ఆ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదండి. కానీ అది వారి మనసులో ఉండిపోయింది. మేస్త్రి చేతికి వచ్చింది కాగితం. అది చదివితే మామూలుగా ఏం అర్థమవుతుందో అదే చూడాలి. ఇదే ఒప్పందంలో 'బాగున్న చెక్కపనిని కాపాడాలి' అని కూడా ఉంది. తలుపులన్నీ పీకేస్తే ఇక కాపాడేదేమిటండి?"

కూతురని ఆయనేమీ తగ్గలేదు. "మధ్యలో కామా ఉంది. 'పాడైన' అన్నది అక్కడితో ఆగిపోయింది."

"అలాగైతే కామా తర్వాత 'అన్ని తలుపులు' అని ఉండాలి. ఆ 'అన్ని' ఎక్కడుందండి?"

ఆయన కాగితం వైపు చూశారు. మధ్యవర్తి నవ్వు ఆపుకున్నారు.

"ఇంకా సందేహం మిగిలితే, రాసినవారికి వ్యతిరేకంగానే చదవాలి. స్పష్టంగా రాసే వీలు వారికే ఉంది కదండీ," అని ఆమె కూర్చుంది.

మధ్యవర్తి తీర్పు మేస్త్రికి అనుకూలంగా వచ్చింది. తలుపులు ఎక్కడివక్కడే ఉంటాయి. మేస్త్రి రెండు చేతులూ జోడించాడు.

వరండాలో బడి మేనేజరు రుసరుసలాడాడు. "మనల్ని ఓడించింది మీ అమ్మాయేనండీ!"

"అవునండీ, మా అమ్మాయే!" అన్నారు పెద్ద లాయరు. మెట్ల మీద వెళ్తున్నవాళ్లు కూడా ఆగి చూశారు.

చిన్న లాయరమ్మ ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది. "కోపం వచ్చిందా నాన్నా?"

"కోపమా? ఆ కామా దగ్గర నన్ను పట్టుకున్నావు చూడు, చప్పట్లు కొట్టేస్తానేమోనని చేతులు బల్ల కింద పెట్టుకున్నానే!"

అప్పటికే ఆయన ఫోను తీశారు, భార్యకు చెప్పడానికి.